యాత్రికుని తొలి కెమెరా

సత్యవేడు ప్రాంతము నుండి ఒక యువశ్రోత మాకు ఉత్తరము వ్రాసినాడు. శ్రీసిటీ కర్మాగారములలో ఒకదానిలో ఆయన ఉద్యోగము. సెలవు దినములందు కొండలు కోనలు తిరుగుట అలవాటు. రెండేండ్లు కూడబెట్టిన 30,000 రూపాయలతో డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా కొనదలచినాడు. "చేతిలో ఫోను ఉండగా ఇంకొకటి ఎందుకురా?" అని తల్లిగారు అడుగుచున్నారట. ఆ ప్రశ్నకు సమాధానము దొరికిన తరువాతనే డబ్బు తీయవలెనని మా అభిప్రాయము.

ముందు ఈ యంత్రము సంగతి చూతము. కటకము గుండా వచ్చిన వెలుగును లోపలి అద్దము పైకి మళ్లించి మన కంటికి చేర్చును. మీట నొక్కగనే అద్దము తొలగును, దాని వెనుకనున్న తెర తెరచుకొనును, వెలుగు సెన్సారుపై పడును. సామాన్యమైన డి.ఎస్.ఎల్.ఆర్.లో ఆ సెన్సారు వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లు. ఫోనులోనిది చాల చిన్నది. కనుక మసక వెలుగులో పెద్ద సెన్సారుది పైచేయి. దానికి తోడు, కటకమును మార్చుకొను వీలు కలదు. పట్టపగలు కొండను తీసి ఫోను తెరపైననే చూచుకొనువారికి మాత్రము తేడా అంతగా కనబడదు. ఈ మాట అమ్మువారు చెప్పరు గనుక మేము చెప్పుచున్నాము.

1991లో కొడాక్ కంపెనీ ఇట్టి డిజిటల్ కెమెరాను అమ్మకమునకు తెచ్చినప్పుడు అది పత్రికలవారికే అందుబాటు. 2003లో కానన్ 300డి వచ్చి ధరను 1,000 డాలర్లకు లోపలికి దింపినది. నేడు కంపెనీల దృష్టి అద్దము లేని కెమెరాలపైకి మరలినది. వానికి మారినవారు పాతవానిని అమ్ముకొనుచున్నారు. 2018లో వచ్చిన నికాన్ డి3500, కానన్ 1500డి వంటివి చెన్నై దుకాణములలో రెండవచేతి సరుకుగా వెదకవచ్చును. రెంటిలోను 24 మెగాపిక్సెళ్లు కలవు. గోడంత చిత్రము వేయించుకొననివారికి అంతకు మించి అవసరము లేదు.

ఇక అసలు ప్రశ్న: ఏమి తీయదలచినారు? వరదయ్యపాళెము దగ్గరి ఉబ్బలమడుగు జలపాతమునకు రాళ్లమీదుగా నడచి పోవలెను. అక్కడ బరువే శత్రువు. కెమెరాతో వచ్చు 18-55 కటకము చాలును. నాగలాపురము వేదనారాయణస్వామి ఆలయము వంటి చోట్ల మండపపు నీడలో, అనుమతి ఉన్నంత మేరకు, ఎఫ్ 1.8 కటకము ఉపకరించును. 18-55 కటకము కొసన ఎఫ్ 5.6 వద్ద వచ్చు వెలుగుకంటె ఇది తొమ్మిది రెట్లకు పైగా లోనికి రానిచ్చును. అయితే ఈ రకము కెమెరాలపై 50 మి.మీ. కటకము మనుష్యుల ముఖములకు ముచ్చటగా ఉండును గాని మండపమంతయు అందులో పట్టదు. పులికాటు సరస్సులో రాజహంసలను తీయవలెనన్న సంగతి వేరు. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు బాటమీద నిలిచి 55 మి.మీ. కటకముతో తీసినచో గులాబి చుక్కలే మిగులును. 250 గాని 300 గాని కావలెను.

అన్నియు ఒకేసారి కొనుట తెలివి కాదు. సంచి, ముక్కాలిపీట, రెండు కటకములు కలిపి అమ్ము మూటలను చూచి మురియవద్దు. 18-55తో ఆరు నెలలు తిరిగినచో ఏ కొరత బాధించుచున్నదో తెలియును. మిగిల్చిన డబ్బు ఆ కటకమునకు ఉపయోగించును. నికాన్ డి3500 లోపల ఫోకసు మోటారు లేదు. ఆ కంపెనీ పాత కటకములు కొన్ని దానికి అమరును గాని తమంతట తాము ఫోకసు కావు. చౌకగా వచ్చినదని తొందరపడరాదు.

ఆ తొందరలో ఒకప్పుడు మేమును మోసపోతిమి. నగరములోని ఒక దుకాణములో పాత కటకము కొని, ఇంటికి తెచ్చి కిటికీ వెలుగుకు ఎత్తి చూడగా లోపల సాలెపోగుల వంటి బూజు! దుకాణదారు తిరిగి తీసికొనలేదు. కటకమును వెలుగుకు పట్టి చూచుట, తెల్లగోడను ఎఫ్ 16 వద్ద తీసి సెన్సారుమీది మచ్చలు వెదకుట, రెండును దుకాణములోనే జరుగవలెను. తెర ఎన్నిసార్లు పనిచేసినదో నికాన్ కెమెరాలలో ఫొటో ఫైలులోనే నమోదగును. ఆ సంఖ్య అడిగి తెలిసికొనవలెను.

సత్యవేడుకు సముద్రము దూరము కాదు. వానకాలపు తేమకు బూజు త్వరగా పట్టును. కెమెరాను తోలుసంచిలో మూసి బీరువాలో దాచుటకంటె, గట్టి మూతగల ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ పొట్లములతో ఉంచుట మేలు. పైన చెప్పిన కెమెరాలు వానకు తట్టుకొనునవి కావు. ఉబ్బలమడుగు తుంపరలలో దిగునప్పుడు వానిని తువాలులో చుట్టి ఒడ్డున ఒకరి చేతికిచ్చి దిగవలెను.