మేఘం లోపలికి లాక్కుంటే?

మిట్టమధ్యాహ్నం గద్ద రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైకి పోవడం మీరు చూసే వుంటారు. ఎండకు కాగిన నేల మీది గాలి వేడెక్కి, తేలికై లేస్తుంది. గద్దను మోసేది ఆ గాలే. పారాగ్లైడర్‌కూ యింజను లేదు. గుడ్డ రెక్క కింద వేలాడే పైలట్ కూడా ఆ గాలినే వెతుక్కుంటాడు.

మరి ఆ గాలి ఎందాకా మోస్తుంది? 2007 ఫిబ్రవరి 14న ఆస్ట్రేలియాలోని మనిల్లా వద్ద కొందరు పైలట్లు ప్రపంచ పోటీలకు సాధన చేస్తున్నారు. వారిలో జర్మనీ జట్టుకు చెందిన ఎవా విష్నియెర్‌స్కాను ఉరుముల మేఘం లోపలికి లాక్కుంది. ఆమె పరికరంలో నమోదైన ఎత్తు 9,946 మీటర్లు. ఎవరెస్టు కంటె వెయ్యి మీటర్లు ఎక్కువ! ప్రాణవాయువు చాలక అరగంటకు పైగా స్పృహ లేదు. రెక్క ముడుచుకుపోయి కిందికి జారింది. అదృష్టవశాత్తు అది మళ్ళీ విచ్చుకుంది. వంటి నిండా మంచుతో, ప్రాణాలతో దిగింది. అదే తుఫానులో చిక్కిన చైనా పైలట్ హె జోంగ్‌పిన్ మరణించాడు.

మేఘంలో గాలికి అంత బలం ఎక్కడిది? ఆవిరి నీటిబొట్లయ్యేటప్పుడు గ్రాముకు దాదాపు 600 కాలరీల ఉష్ణం విడుదలవుతుంది. మీరు పరీక్షకోసం బట్టీపట్టే గుప్తోష్ణమే అది! దానివల్ల లేచే గాలి చుట్టుపక్కల గాలి అంతగా చల్లబడదు. తేలికగానే వుండి మరింత వేగంగా లేస్తుంది. ఎవాను ఒక దశలో సెకనుకు 20 మీటర్ల చొప్పున ఎత్తింది. రెక్క కొసలు మడిచి దిగుదామంటే సెకనుకు మూడు నాలుగు మీటర్లే. లెక్క మీరే వేయండి.

అందుకే అనుభవజ్ఞులు మేఘం అడుగు చేరకముందే పక్కకు తప్పుకుంటారు. వెడల్పును మించి ఎత్తు పెరిగే మేఘం కనబడితే నేలకు దిగిపోతారు. వేసవి మధ్యాహ్నం కాలీఫ్లవరు పువ్వులా పెరిగే మేఘాన్ని ఓ పది నిమిషాలు గమనించండి. దాని తల ఎంత లేచిందో మీ కంటికే తెలుస్తుంది.