బొమ్మ కొత్తది.. గొంతు ఎవరిది?

హారిస్‌డేల్‌లో మా ఇంటికొచ్చిన నాన్నకు ‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ది అగ్లీ’ పునరుద్ధరించిన ప్రింట్ వేశాను. గుహలో టూకో మనుషుల్ని కూడగట్టే సీన్ రాగానే, ‘‘వీడి గొంతు ముసలిదైందేంట్రా?’’ అన్నారు.

నిజమే. 1966 నాటి సినిమాకు 2003లో తిరిగి కలిపిన సీన్లకు ఈస్ట్‌వుడ్, టూకోగా వేసిన ఎలై వాలక్ ఇంగ్లిష్ డబ్బింగ్ అన్నేళ్ల తర్వాతే చెప్పారు. వాలక్‌కు అప్పటికి 80 దాటాయి. లీ వాన్ క్లీఫ్ 1989లోనే కన్నుమూయడంతో ఆయనకు వేరొకరు గొంతిచ్చారు. పైగా ఆ గుహ సీన్‌ను రోమ్‌లో తొలి ప్రదర్శన తర్వాత దర్శకుడు లియోనీయే తీసేశారు.

మర్నాడు 161 నిమిషాల పాత ఇంగ్లిష్ ప్రింట్ చూశాం. నాన్న ఓటు దానికే.

మన కౌబాయ్ ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971) కూడా కృష్ణ పోయాక వచ్చిన తొలి జయంతికి, 2023 మే 31న, 4కేలో మళ్లీ విడుదలైంది. ‘‘దుమ్ము దులపడమంటే అదీ! గొంతు మాత్రం కృష్ణదే’’ అన్నారు నాన్న.