విద్యుద్బంధకము చేయు పని

బంధకమనగా విద్యుత్తును పోనీయని వస్తువనియు, అడ్డుగా నిలుచుటకంటె దానికి వేఱు పని లేదనియు మన విద్యార్థులు తలంతురు. మొదటి మాట నిజము. రెండవదానిని గూర్చియే మేము కొంత చెప్పదలచితిమి.

రెండు లోహపు ఱేకులను తగులకుండ ఎదురెదురుగా నిలిపి బ్యాటరీకి కలిపినచో ఒకదానిపై ధనావేశమును, వేఱొకదానిపై ఋణావేశమును చేరును. ఇదియే కండెన్సరు. నేటి గ్రంథములు దీనిని కెపాసిటరనుచున్నను పంకాలు బాగుచేయువారు పాత పేరు విడువలేదు. ఒక్కొక్క వోల్టునకు అది గ్రహించు ఆవేశమే దాని కెపాసిటీ. ఱేకుల వైశాల్యము హెచ్చినను, నడిమి యెడము తగ్గినను ఇది పెరుగును. మఱి ఆ యెడములోని వస్తువు మాట యేమి?

ఈ విషయమును 1837లో మైకేలు ఫారడే పరిశోధించెను. ఈయన కమ్మరి కుమారుడు, పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చినవాడు, క్రీస్తు భక్తుడు. సరిసమానములైన రెండు ఉపకరణములను ఆయన చేయించెను. ప్రతిదానియందును ఒక బోలు ఇత్తడి గోళము, దానిలోపల తగులకుండ మఱియొక గోళము. రెంటను గాలియే యున్నప్పుడు ఒకదాని యావేశమును రెండవదానికి తాకింపగా, అన్నదమ్ములు ఆస్తి పంచుకొన్నట్లు చెఱిసగము తీసికొనెను. ఒకదాని యెడములో లక్కను నింపగా (ఏటికొప్పాక బొమ్మలకు మెఱుగునిచ్చు లక్కయే) అది సగముకంటె హెచ్చు పాలు తీసికొనెను. గంధకముతోను అట్లే జరిగెను. హెన్రీ కావెండిషు దీనిని ముందే కనుగొనియు ప్రకటింపలేదు; ఆయన వ్రాతలను మాక్సువెల్ 1879లో అచ్చు వేయించెను.

బంధకము ఇంచుక విద్యుత్తును పోనిచ్చుటచే ఇట్లగునని కొందఱు పిల్లలు వ్రాయుదురు. అది పొరపాటు. బంధకములోని కణములు తమ చోటు విడిచి పోవు. కాని వానిలోని ఋణభాగము ధనపు ఱేకువైపునకును, ధనభాగము ఋణపు ఱేకువైపునకును మిక్కిలి స్వల్పముగా జరుగును. ఈ జరుగుబాటు ఱేకుల నడిమి విద్యుద్బలమును కొంత తగ్గించును. అందుచే వోల్టులు పడిపోవును. బ్యాటరీ కలిపియే యున్నచో ఆ లోటు తీర్చుటకు అది మఱికొంత ఆవేశమును పంపును. బ్యాటరీని తీసివేసినచో ఆవేశము మాఱదు, వోల్టులు మాత్రమే తగ్గును. ఎట్లు చూచినను కెపాసిటీ హెచ్చినట్లే.

గాలికి 1 అనుకొన్నచో మైనమునకు సుమారు 2, అభ్రకమునకు సుమారు 6, నీటికి 80. అట్లయిన నీటినే పోయరాదా యని అడుగవచ్చును. నీటిలో రవ్వంత ఉప్పు కరగినను ఆవేశము కాఱిపోవును. అభ్రకమన్ననో కాగితముకంటె పలుచని పొరలుగా చీలును, హెచ్చు వోల్టులకును చిల్లిపడదు. కావుననే నెల్లూరు సీమలో గూడూరు ప్రాంతపు గనుల అభ్రకము విద్యుత్పరికరముల నిమిత్తము సముద్రములు దాటి పోయినది.