పాత హార్డ్ డిస్క్‌ని కొత్త కంప్యూటర్‌కి కలపడం ఎలా?

పాత కంప్యూటర్ పాడైపోయినా, అందులోని పెళ్లి ఫొటోలు, పిల్లల వీడియోలు చాలాసార్లు హార్డ్ డిస్క్‌లో భద్రంగానే ఉంటాయి. వాటిని ఎలా బయటికి తీయాలో ఈరోజు చూద్దాం.

ముందు డిస్క్‌ని తిప్పి, కేబుల్ పెట్టే చోటు చూడండి. రెండు వరుసల్లో సూదుల్లాంటి పిన్నులుంటే అది పాత ఐడీఈ. ఎల్ ఆకారంలో సన్నటి గాడి ఉంటే సాటా. దానికి తగ్గ యూఎస్‌బీ అడాప్టర్ తీసుకోవాలి.

ల్యాప్‌టాప్ నుంచి తీసిన 2.5 అంగుళాల డిస్క్‌కి సాధారణంగా యూఎస్‌బీ కరెంటే చాలు. డెస్క్‌టాప్‌లోని 3.5 అంగుళాల డిస్క్‌కి 12 వోల్టులు కావాలి. మామూలు యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులే. అందుకే విడిగా పవర్ అడాప్టర్‌తో వచ్చేదే కొనండి. చాలామంది ఇక్కడే "డిస్క్ పోయింది" అనుకుంటారు. అది పోలేదండీ, కరెంటు అందలేదంతే.

కలిపాక విండోస్ "ఫార్మాట్ చేయాలి" అంటే క్యాన్సిల్ నొక్కండి, తొందరపడొద్దు. పాత యూజర్ ఫోల్డర్‌కి అనుమతి లేదంటే కంటిన్యూ నొక్కి కాసేపు ఆగండి. టక్ టక్‌మని శబ్దం వస్తే మాత్రం వెంటనే ఆపేసి, డేటా రికవరీ చేసేవాళ్లకి చూపించండి. మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే ఉన్నది కూడా పోవచ్చు.

ఫైళ్లు కనిపించాయా? ముందు కాపీ చేసుకోండి, మిగతా పని ఆ తర్వాతే.