పానాకు లొంగే బండి: అంబాసిడర్ కథ

అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. ఇవాళ అమలాపురంలో కొనే పానాల సెట్టులో దానికి దగ్గరగా ఉండేది 13 నంబరు. మధ్య తేడా 0.3 మిల్లీమీటరు, మూడు కాగితాల మందం. పాత అంబాసిడర్‌ను ఇంటి దగ్గర విప్పడానికి కూర్చున్నవాళ్ళకు మొదటి దెబ్బ తగిలేది ఇక్కడే. పానా నట్టు మీద చక్కగా కూర్చున్నట్టే ఉంటుంది. బలం పెట్టగానే ఆ కాస్త సందులో తిరిగి నట్టు మూలల్ని కొరికేస్తుంది. మూలలు గుండ్రమయ్యాక ఇక ఏ పానా పట్టదు, ఉలీ సుత్తీ తీయాల్సిందే. 7/16 అంగుళాల నట్టుకైతే 11 నంబరు పానా ఎక్కనే ఎక్కదు, దాని అసలు కొలత 11.1. అదే 3/4 అంగుళాల నట్టుకు 19 నంబరు హాయిగా పడుతుంది. ఇలా కొన్ని పట్టి కొన్ని పట్టకపోవడమే అసలు చిక్కు. రెండు నట్లు సులువుగా ఊడి వచ్చాక మూడోదాన్ని ఎవరు అనుమానిస్తారు?

ఈ అవస్థకు మూలం కోనసీమలో లేదు, బండి తయారైన బెంగాల్లోనూ లేదు. ఇంగ్లండులో ఉంది. బోల్టు మరలకు దేశమంతటా ఒకే కొలత ఉండాలని 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించాడు. ఆయన మర కోణం 55 డిగ్రీలు. అమెరికావాళ్ళు 60 డిగ్రీలు పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే పక్షాన పోరాడిన ఈ రెండు దేశాలకూ ఒకరి యంత్రాలకు ఇంకొకరి బోల్టులు సరిపోక నానా ఇబ్బందీ ఎదురైంది. దాంతో 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి 60 డిగ్రీల కోణంతో, అంగుళాల్లోనే, ఒక ఉమ్మడి మరను ఒప్పుకున్నాయి. 1952లో మోరిస్, ఆస్టిన్ కంపెనీలు కలిసిపోయి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ ఏర్పడింది. ఆ సంస్థ తెచ్చిన బి-సిరీస్ ఇంజను ఆ ఉమ్మడి మరలతోనే వచ్చింది. 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారే మన అంబాసిడర్‌కు కన్నతల్లి.

బి.ఎం. బిర్లా 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవు దగ్గర మొదలుపెట్టిన హిందుస్థాన్ మోటార్స్ 1948లో కలకత్తా దగ్గరి ఉత్తరపాడాకు మారింది. ఆక్స్‌ఫర్డ్ కారు అచ్చులు అక్కడికి చేరి, 1957లో అంబాసిడర్ పుట్టింది. అవి ఎలాంటి ఏళ్ళో గుర్తుచేసుకోవాలి. అదే 1957 ఏప్రిల్లో అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. 1958 అక్టోబరు నుంచి వీశెలు, గజాలు పోయి కిలోలు, మీటర్లు అమలు కావడం మొదలైంది. దేశమంతా దశాంశాల్లోకి మారుతున్న ఆ రోజుల్లోనే అంగుళాల బండి మన రోడ్డెక్కింది. 2014 మేలో ఉత్తరపాడాలో పని ఆగిపోయేదాకా ఆ శరీరంలో అంగుళాలు అలాగే ఉండిపోయాయి. 1990ల మొదట్లో జపాన్ కంపెనీ ఇసుజు రూపకల్పన చేసిన 1800 సీసీ ఇంజను వేశారు. అది మిల్లీమీటర్ల ఇంజను. అంటే ఆ తరం బండి కింద పడుకున్నవాడు ఇంజను దగ్గర ఒక పానాల సెట్టు, చక్రాల దగ్గర ఇంకో సెట్టు పట్టుకోవాలి.

రూపం మార్చలేదని అంబాసిడర్‌ను తిట్టినవాళ్ళు చాలామంది. లైసెన్సుల రోజుల్లో పోటీ లేక కంపెనీ కదల్లేదన్న మాట నిజమే. కానీ మరమ్మతు చేసేవాడి వైపు నుంచి చూస్తే ఆ కదలకపోవడమే గొప్ప మేలు. 1959లో సైడ్ వాల్వ్ ఇంజను స్థానంలో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను వచ్చాక, పెట్రోలు బండి మౌలికంగా మారడానికి మూడు దశాబ్దాలు దాటింది. 1962 నాటి మార్క్ 2 మీద నేర్చుకున్న పని 1979 నాటి మార్క్ 4 మీద పనికొచ్చింది. దాంతో పుస్తకం చదవకుండానే చేతి నుంచి చేతికి విద్య పాకింది.

ఐనవిల్లి, ముక్తేశ్వరం వైపు కొబ్బరితోటల మధ్య ఇళ్ళలో ఈ బండ్లకు ఒకప్పుడు చేతినిండా పని. పెళ్ళికొడుకును తేవాలన్నా, రాత్రివేళ పురిటినొప్పులు వచ్చిన మనిషిని అమలాపురం చేర్చాలన్నా, పంటు మీద గోదావరి దాటి కోటిపల్లి వైపు పోవాలన్నా అంబాసిడరే. కొత్త బండి కొంటే ఐనవిల్లి సిద్ధివినాయకుడి గుడి ముందు ఆపి, పసుపు కుంకుమ పెట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకునేవారు. ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ఆ బండి రేకుల షెడ్డు కింద ఉంది. అమ్మడానికి మనసొప్పదు, నడపడానికి బండి ఒప్పదు. సెలవు రోజున ఎవరో ఒకరు లుంగీ ఎగ్గట్టి బోనెట్టు ఎత్తుతారు.

అప్పుడు ఎదురయ్యే పెద్ద శత్రువు తుప్పు. ఇనుము నీటితో, ఆక్సిజన్‌తో కలిసి తుప్పవుతుంది. గాల్లో తేమ 60 శాతం దాటితే ఈ పని వేగం అందుకుంటుంది. చుట్టూ కాలవలు, ఒకవైపు గోదావరి, కింద సముద్రం ఉన్న కోనసీమలో ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి అంతకంటే తడిగానే ఉంటుంది. ఉప్పు తగిలితే నీటిలో విద్యుత్తు తేలిగ్గా పారుతుంది కాబట్టి తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. తుప్పుకు ఇంకో గుణం ఉంది. అది తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టుకూ బోల్టుకూ మధ్య మరల్లో పుట్టిన తుప్పు ఉబ్బి, రెంటినీ లోపలి నుంచి బిగదీస్తుంది. ఎగ్జాస్ట్ దగ్గరి స్టడ్డులు పానాకు లొంగకుండా పుటుక్కున విరిగేది అందుకే.

వాటికి కిరసనాయిలో, డీజిలో పోసి రాత్రంతా నాననివ్వమని పాత మేస్త్రీలు చెబుతారు. సన్నని సందుల్లోకి ద్రవం తనంతట తానే పాకుతుంది, వత్తి పైకి నూనె ఎక్కినట్టు. అప్పటికీ లొంగకపోతే వేడి. ఉక్కును 200 డిగ్రీలు వేడెక్కిస్తే 8 మిల్లీమీటర్ల నట్టు రంధ్రం పెరిగేది 0.02 మిల్లీమీటరు మాత్రమే. తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదు. అయినా ఆ కాస్త కదలికకే గట్టిపడిన తుప్పు పొర చిట్లుతుంది. ఆ చిట్లిన చప్పుడు వినడానికి ఎంతసేపైనా కూర్చోవచ్చు. మంట పెట్టేముందు పెట్రోలు గొట్టం, ట్యాంకు దూరంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి, ఇందులో మొహమాటం పనికిరాదు.

నట్టు తుప్పు చికాకు పెడుతుందంతే. నేల తుప్పు ప్రమాదం. లారీకి ఉన్నట్టు అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. తలుపుల కింద పొడవునా ఉండే రేకు పెట్టెలు దాని ఎముకలు. వాటి అడుగున నీళ్ళు పోవడానికి చిన్న రంధ్రాలు పెట్టారు. వానాకాలం బురదతో అవి మూసుకుపోతే నీళ్ళు లోపలే నిలిచి, బయట రంగు మెరుస్తుండగానే లోపల రేకు పుచ్చిపోతుంది. స్క్రూడ్రైవర్ కొసతో పొడిచి చూడటం ఒక్కటే నమ్మదగ్గ పరీక్ష. అది లోపలికి దిగిందంటే ఇంటి పని అక్కడితో ఆపి వెల్డింగు తెలిసినవాళ్ళను పిలవాలి. జాకీ మీద ఎత్తిన బండి కిందకు దూరేముందు ఈ పరీక్ష చేసి తీరాలి.

ఇంజను దగ్గరికి వస్తే మనసు తేలికపడుతుంది. ఇక్కడ ప్రతిదీ కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. నిప్పురవ్వ సంగతి తీసుకోండి. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల రెండు చిన్న పాయింట్లు ఉంటాయి. అవి కలిసి ఉన్నప్పుడు కాయిల్లో విద్యుత్తు పారుతుంది. విడిపోయిన క్షణాన ఆ ప్రవాహం తెగి, కాయిల్లో వేల వోల్టుల కెరటం లేచి ప్లగ్గు దగ్గర రవ్వగా దూకుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరిగితే ఈ పాయింట్లు సెకనుకు 100 సార్లు విడిపోవాలి. విడిపోయినప్పుడు మధ్య ఉండాల్సిన సందు 0.015 అంగుళం, 0.4 మిల్లీమీటరుకు కాస్త తక్కువ. మూలన పడి ఉన్న బండికి సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతూనే ఉండి అంటుకోకపోతే, చాలాసార్లు తప్పు ఈ పాయింట్ల మీద పట్టిన పొరదే. తేమ గాలికి వాటి ముఖాలు నల్లబడతాయి, విద్యుత్తు దాటదు. సన్నని గరుకు కాగితంతో రుద్ది, ఫీలర్ గేజీ పెట్టి సందు సరిచూస్తే బతికే బండ్లు ఎన్నో. కానీ పక్కనున్న కండెన్సర్ చచ్చిపోయి ఉంటే పాయింట్లు ఎన్నిసార్లు రుద్దినా మళ్ళీ కాలిపోతాయి. రవ్వ ప్లగ్గు దగ్గర కాకుండా పాయింట్ల మధ్యే మండిపోతుంది కాబట్టి. రుద్దినవాడు తన చేతిని అనుమానిస్తాడు. నేరం ఆ బొటనవేలంత డబ్బాది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ట్యాపెట్లు సరిచేయడం. ఇంజనుకు ఎనిమిది వాల్వులు. ప్రతి వాల్వు కొసకూ రాకర్‌కూ మధ్య 0.015 అంగుళం సందు ఉండాలి. వేడికి లోహం సాగుతుంది కాబట్టి ఆ చోటు ఇవ్వకపోతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. మరీ ఎక్కువ ఇస్తే టకటక చప్పుడు, శక్తి నష్టం. ఏ వాల్వు పూర్తిగా మూసుకుందో తెలుసుకునేందుకు ఒక సూత్రం ఉంది: రెండు సంఖ్యలూ కలిపితే తొమ్మిది రావాలి. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోదాన్ని సరిచేయాలి. ఆరోది తెరుచుకుంటే మూడోది. నాలుగు సిలిండర్లు 1, 3, 4, 2 వరుసలో మండటం, క్యామ్ షాఫ్టు మీద లోబులు ఒకదానికొకటి ఎదురుగా కుదరటం వల్ల ఈ తొమ్మిది పుట్టింది. టాప్ గేరులో పెట్టి బండిని కొంచెం కొంచెంగా తోస్తూ ఇంజనును తిప్పితే చాలు. ఇంత గణితాన్ని ఇంత సులువుగా చేతిలో పెట్టే యంత్రాలు ఇప్పుడు లేవు, అది మనకు నష్టమనే నా అభిప్రాయం.

పెట్రోలు విషయంలో మాత్రం కాలం ఎదురు తిరిగింది. చాలా అంబాసిడర్లకు ఉన్నది ఎస్.యు. కార్బొరేటర్. చెప్పుల వ్యాపారం చేసే స్కిన్నర్ల ఇంటి అన్నదమ్ములు ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో ఇంగ్లండులో కనిపెట్టారు. మొదటివాటిలో గాలి తిత్తి తోలుతోనే చేశారు. తర్వాత దాని చోట ఇత్తడి, అల్యూమినియం పిస్టను వచ్చింది. ఇంజను ఎంత పీలిస్తే పిస్టను అంత లేస్తుంది, దానికి వేలాడే మొనదేలిన సూది అంతే మేరకు పైకి వచ్చి పెట్రోలుకు దారి ఇస్తుంది. పైనున్న గొట్టంలో కాస్త నూనె పోయకపోతే పిస్టను ఉలిక్కిపడి లేచి, యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడుతుంది. ఎండాకాలంలో ఇంకో బాధ. పెట్రోల్లోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలెడతాయి. బోనెట్టు కింద వేడికి పంపులో, గొట్టంలో ఆవిరి బుడగలు చేరితే పంపు ఆవిరినే నెడుతుంది, పెట్రోలు కదలదు. డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసేది అందుకే. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఈ బండి రబ్బరు గొట్టాలు, పంపులోని డయాఫ్రమ్, కార్కు వాషర్లు దానికోసం చేసినవి కావు. అవి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, పగుళ్ళిస్తాయి. పైగా ఇథనాల్ గాల్లో తేమను లాక్కుంటుంది. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో అది నీటితో కలిసి అడుగున వేరుపడితే ట్యాంకు లోపలి నుంచే తుప్పు మొదలవుతుంది. పాత బండి ఉన్నవాళ్ళు ఈ ఏడాది ఒక్క పనే చేయగలిగితే, ఇథనాల్‌ను తట్టుకునే కొత్త గొట్టాలు, డయాఫ్రమ్ వేయించాలని నేను గట్టిగా చెబుతాను. వేడి ఎగ్జాస్ట్ పక్కన కారే పెట్రోలు గొట్టంతో ఆటలొద్దు.

బ్రేకుల పని ఒక్కడి వల్ల కాదు. పాత బండ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. బ్రేకు ద్రవం కూడా తేమను పీల్చుకునేదే. కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగని ద్రవం, నీరు చేరాక 140 దగ్గరే మరగవచ్చు. ఆ నీరే చక్రం సిలిండర్లలో గుంటలు పెట్టి లీకులకు కారణమవుతుంది. కొత్త ద్రవం పోశాక గొట్టాల్లో గాలి పోగొట్టాలి. గాలిని నొక్కితే కుదించుకుపోతుంది, ద్రవం కుదించుకుపోదు. పెడలు స్పాంజిలా మెత్తగా దిగితే ఎక్కడో బుడగ మిగిలిందని అర్థం. చక్రం దగ్గర కూర్చున్న పెద్దాయన "తొక్కి పట్టుకోరా" అంటాడు. లోపల కూర్చున్న కుర్రాడు "ఆయ్, పట్టుకున్నానండి" అంటాడు. నిపుల్ వదులవుతుంది, బుడగలతో ద్రవం సీసాలోకి దిగుతుంది. నిపుల్ బిగించకముందే కాలు తీశాడా, గాలి మళ్ళీ లోపలికి వెళ్ళి పని మొదటికొస్తుంది. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న వెనక చక్రం నుంచి మొదలెట్టి ముందుకు రావాలి.

సామాను దొరకడం వేరే కథ. తయారీ ఆగి పదేళ్ళు దాటింది. అంబాసిడర్ పేరును 2017లో ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది, విడిభాగాలు మాత్రం విజయవాడ ఆటోనగర్‌లోనూ, కలకత్తా మల్లిక్ బజారులోనూ పాత సామాను కుప్పల్లో వెతుక్కోవాలి. దొరకనివి లేతు మీద చేయించుకోవాలి. చాలామంది పెట్రోలు ఖర్చు భరించలేక ఎప్పుడో డీజిల్ ఇంజను వేయించేశారు. అలాంటి బండికి పుస్తకంలోని బొమ్మలేవీ సరిపోవు. ఏ ఇంజనో, ఏ గేరుబాక్సో ముందు విప్పి చూసుకోవాలి.

ఆ ఇంజను మార్పుకు ఇప్పుడు ఇంకో మూల్యం ఉంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021లో ప్రకటించిన నియమాల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. కాకపోతే బాడీ, ఛాసిస్, ఇంజను అసలు రూపంలోనే ఉండాలి, దాన్ని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. మార్క్ 1, మార్క్ 2 బండ్లకు ఆ వయసు వచ్చింది, మార్క్ 3లకు ఇప్పుడిప్పుడే వస్తోంది. పొట్టకూటి కోసం గుండె మార్చుకుని నడిచిన బండ్లకు ఆ దారి లేదు. అవి అయిదేళ్ళకోసారి ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. కాబట్టి షెడ్డులో ఉన్న బండి మీద పని మొదలెట్టేవాళ్ళు పానా పట్టకముందు ఒక గుడ్డ, కాస్త కిరసనాయిలు తీసుకుని ఇంజను మీది నంబరును శుభ్రం చేసి, ఆర్సీ పుస్తకంలోని నంబరుతో సరిచూసుకోవడం మంచిది. ఏ ఇంజనును నిలబెట్టుకోవాలో, ఏది మార్చినా ఫర్వాలేదో ఆ తర్వాతే తేలుతుంది.