మహిళల క్యాన్సర్ మరణాలు: బస్తర్‌లో తక్కువా, లెక్కలోకే రావడం లేదా?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ డివిజన్‌కు కేంద్రమైన జగదల్‌పూర్ నుంచి రాష్ట్ర రాజధాని రాయ్‌పూర్ ఎంత దూరమో, విశాఖపట్నం కూడా దాదాపు అంతే దూరం. రెండూ సుమారు 300 కిలోమీటర్లు. రాయ్‌పూర్‌కు కేశ్‌కాల్ ఘాట్ మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి ఉంది. విశాఖకు రైలు ఉంది; బైలాడీలా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చేందుకు 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ మార్గం అది. అదే జాతీయ రహదారి దక్షిణంగా సుక్మా, కొంటా దాటి భద్రాచలం చేరుతుంది.

బస్తర్ ప్రాంతంలో క్యాన్సర్ సోకిన మహిళ ఈ మూడు దారుల్లో దేన్ని ఎంచుకున్నదన్న దాన్ని బట్టి ఆమె పేరు ఏ రాష్ట్రపు ఆసుపత్రి పుస్తకంలో చేరుతుందో తేలుతుంది. ఏ దారీ పట్టకుండా ఇంట్లోనే కన్నుమూస్తే ఆ పేరు ఏ పుస్తకంలోనూ చేరదు.

అడవి గాలి, అడవి తిండి కారణంగా ఆదివాసీ ప్రాంతాల్లో క్యాన్సర్ అరుదు అనే మాట తరచుగా వినిపిస్తుంది. మహిళల క్యాన్సర్ మరణాల్లో ప్రాంతానికీ ప్రాంతానికీ నిజంగానే పెద్ద తేడాలున్నాయి. అయితే ఆ తేడాల్లో కొంత రోగానిది, కొంత వైద్యానిది, కొంత కేవలం లెక్కలది. బస్తర్ విషయంలో ఈ మూడింటినీ విడదీసి చూడవలసి ఉంటుంది.

పటంలో ఖాళీ

దేశంలో క్యాన్సర్ కేసులను క్రమపద్ధతిలో నమోదు చేసే పనిని భారత వైద్య పరిశోధన మండలి 1980ల ఆరంభంలో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం పేరుతో చేపట్టింది. ఇందులో రెండు రకాల రిజిస్ట్రీలున్నాయి. ఆసుపత్రి ఆధారిత రిజిస్ట్రీ తన గడప తొక్కిన రోగులను మాత్రమే లెక్కిస్తుంది. జనాభా ఆధారిత రిజిస్ట్రీ ఒక నిర్ణీత భౌగోళిక ప్రాంతాన్ని తీసుకుని, అక్కడ నివసించే వారిలో ఎవరికి క్యాన్సర్ సోకినా, వారు ఎక్కడ చికిత్స పొందినా, ఆ వివరాన్ని వెదికి రాసుకుంటుంది. ఒక ప్రాంతంలో లక్ష మంది మహిళల్లో ఎందరికి రోగం వస్తోందని చెప్పగలిగేది ఈ రెండో రకం మాత్రమే.

2012-16 సంవత్సరాల సమాచారంతో 2020లో వెలువడిన జాతీయ నివేదికలో ఇటువంటి జనాభా ఆధారిత రిజిస్ట్రీలు 28. వాటిలో ఛత్తీస్‌గఢ్‌కు చెందినది ఒక్కటీ లేదు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి ఉన్నది హైదరాబాద్ ఒక్కటే. శ్రీకాకుళం మహిళ గురించీ, ఆదిలాబాద్ మహిళ గురించీ ఆ నివేదికలో అంకె కావాలంటే హైదరాబాద్ అంకెనే చూసుకోవాలి. బస్తర్ చుట్టూ నాగ్‌పూర్, వార్ధా, భోపాల్, హైదరాబాద్‌లలో లెక్కలున్నాయి. మధ్యలో ఉన్న ఈ విశాలమైన అటవీ భూభాగం ఖాళీ. పాత బస్తర్ జిల్లా ఒక్కటే కేరళ రాష్ట్రం కన్నా పెద్దదన్న సంగతి గుర్తు చేసుకుంటే ఆ ఖాళీ ఎంతటిదో అర్థమవుతుంది.

లెక్క ఉన్న చోట్ల తేడాలు ఆశ్చర్యం కలిగిస్తాయి. అదే నివేదిక ప్రకారం అరుణాచల్ ప్రదేశ్‌లోని పాపుంపారే జిల్లాలో ఏటా లక్ష మంది మహిళలకు 219.8 కొత్త క్యాన్సర్ కేసులు నమోదు కాగా, మహారాష్ట్రలోని ఉస్మానాబాద్-బీడ్ ప్రాంతంలో 49.4 మాత్రమే. అంటే నాలుగు రెట్లకు మించిన వ్యత్యాసం. రొమ్ము క్యాన్సర్‌లో అన్ని రిజిస్ట్రీలలోకీ హైదరాబాద్ ముందుంది: లక్షకు 48. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో పాపుంపారే ముందుంది: లక్షకు 27.7.

ఇవి వయసును సర్దుబాటు చేసిన రేట్లు. క్యాన్సర్ ప్రధానంగా వయసు పెరిగే కొద్దీ వచ్చే వ్యాధి. 2011 జనాభా లెక్కల్లో కేరళ జనాభాలో 60 ఏళ్లు దాటినవారు 12.6 శాతం, ఛత్తీస్‌గఢ్‌లో 8 శాతం లోపే. కాబట్టి మొత్తం మరణాలను మొత్తం జనాభాతో భాగించి చూస్తే, వృద్ధులు ఎక్కువగా ఉన్న రాష్ట్రం అనారోగ్యంతో ఉన్నట్లూ, యువత ఎక్కువగా ఉన్న రాష్ట్రం ఆరోగ్యంగా ఉన్నట్లూ కనిపిస్తుంది. అందుకే రెండు ప్రాంతాల వయసుల పొందికను ఒకే ప్రమాణానికి తెచ్చి పోలుస్తారు. పత్రికల్లో వచ్చే రాష్ట్రాలవారీ పట్టికల్లో ఈ సర్దుబాటు చేశారో లేదో చూడకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు.

ఇల్లిల్లూ తిరిగి అడిగిన మరణాలు

కేసుల కన్నా మరణాల లెక్క మరింత కష్టం. మరణాన్ని నమోదు చేయడం 1969 నాటి చట్టం ప్రకారం తప్పనిసరే. కానీ 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణాన్ని ధ్రువీకరించినవి 22.5 శాతం మాత్రమే. తక్కినవాటిలో మరణించారన్న వాస్తవం ఉంటుంది, ఎందుకన్నది ఉండదు.

ఈ లోటును పూరించే ప్రయత్నమే పది లక్షల మరణాల అధ్యయనం. దేశమంతటా యాదృచ్ఛికంగా ఎంచుకున్న 6,671 చిన్న ప్రాంతాల్లో, సుమారు 11 లక్షల ఇళ్లకు సిబ్బంది వెళ్లి, మరణించిన వ్యక్తి చివరి రోజుల్లో ఏయే లక్షణాలతో బాధపడ్డారో కుటుంబసభ్యులను అడిగి రాసుకున్నారు. ఆ వివరాలను ఇద్దరేసి వైద్యులు విడివిడిగా చదివి కారణాన్ని నిర్ణయించారు. 2001-03 నాటి మరణాల నుంచి రాబట్టిన క్యాన్సర్ ఫలితాలు 2012లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి.

వాటి ప్రకారం 2010లో దేశంలో 30 నుంచి 69 ఏళ్ల మహిళల్లో సుమారు 1,95,300 మంది క్యాన్సర్‌తో మరణించారు. అందులో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ది మొదటి స్థానం, జీర్ణాశయ క్యాన్సర్‌ది రెండోది, రొమ్ము క్యాన్సర్‌ది మూడోది. నగరాల ఆసుపత్రుల్లో అప్పటికే రొమ్ము క్యాన్సర్ గురించి మాట్లాడుతున్నారు. ఊళ్లలో మాత్రం మహిళలు ఎక్కువగా వేరే క్యాన్సర్‌తో మరణిస్తున్నారు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఆ వయసు మహిళల్లో క్యాన్సర్ మరణాల రేటు గ్రామాల్లో లక్షకు 96.6, పట్టణాల్లో 91.2. పెద్ద తేడా లేదు. చదువును బట్టి చూస్తే మాత్రం చిత్రం మారిపోతుంది. నిరక్షరాస్యులైన మహిళల్లో లక్షకు 106.7 మంది మరణించగా, బాగా చదువుకున్న మహిళల్లో 43.4 మంది మరణించారు. అడవిలో ఉండడం మహిళను క్యాన్సర్ నుంచి కాపాడుతుందన్న నమ్మకానికి ఈ అంకెల్లో ఆధారం కనిపించదు. బస్తర్ డివిజన్‌లోని బీజాపూర్ జిల్లాలో 2011 నాటి అక్షరాస్యత సుమారు 41 శాతమని తెలిసినప్పుడు ఈ అంకెలను మరింత జాగ్రత్తగా చదవాలి.

చదువు తనంతట తానుగా కణాలను మార్చదు. చదువు లేని చోట సాధారణంగా పెళ్లి చిన్న వయసులో అవుతుంది, కాన్పులు ఎక్కువగా ఉంటాయి, ముందస్తు పరీక్షలు అందవు. ఇవన్నీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పుకు దారితీస్తాయి. నగరాల్లోని చదువుకున్న మహిళల్లో ఆలస్యంగా, తక్కువగా పిల్లలు కలగడం, బరువు పెరగడం రొమ్ము క్యాన్సర్‌ను పెంచుతాయి. అయినా వారిలో మరణాలు తక్కువ.

రావడం వేరు, మరణించడం వేరు

ప్రపంచ ఆరోగ్య సంస్థ, దాని అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2024 ఫిబ్రవరిలో ఒక పోలిక చూపించాయి. మానవాభివృద్ధి అత్యధికంగా ఉన్న దేశాల్లో ప్రతి 12 మంది మహిళల్లో ఒకరికి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వస్తుంది. 71 మందిలో ఒకరు దానితో మరణిస్తారు. అభివృద్ధి తక్కువగా ఉన్న దేశాల్లో 27 మందిలో ఒకరికే వస్తుంది. కానీ 48 మందిలో ఒకరు మరణిస్తారు. తక్కువ మందికి వచ్చి, ఎక్కువ మందిని బలి తీసుకుంటోందన్నమాట.

మన దేశం లోపల కూడా ఇదే కనిపిస్తుంది. 2012-15 మధ్య గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిర్ధారణ అయిన మహిళలను 11 రిజిస్ట్రీలు అనుసరించగా, అయిదేళ్ల తరువాత జీవించి ఉన్నవారు మొత్తం మీద 51.7 శాతం. అహ్మదాబాద్ నగరంలో ఇది 61.5, త్రిపురలో 31.6. రొమ్ము క్యాన్సర్‌లో అరుణాచల్‌లోని పాసీఘాట్‌లో 41.9 శాతం మందే అయిదేళ్లు దాటగలిగారు. కొండప్రాంతమైతే ఇంతే అనుకోవడానికీ వీల్లేదు: రొమ్ము క్యాన్సర్‌లో అన్నిటికన్నా మెరుగైన 74.9 శాతం మిజోరంలోనే నమోదైంది.

తేడాకు ప్రధాన కారణం వ్యాధి ఏ దశలో బయటపడుతున్నదన్నదే. జాతీయ రిజిస్ట్రీ నివేదిక ప్రకారం, దేశంలో రొమ్ము క్యాన్సర్ రోగుల్లో 57 శాతం, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రోగుల్లో 60 శాతం మంది ఆసుపత్రికి వచ్చేసరికే వ్యాధి చుట్టుపక్కల కణజాలానికి ముదిరి ఉంటోంది. ఆ దశలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్ చికిత్స వారానికి అయిదు రోజుల చొప్పున అయిదారు వారాలు సాగుతుంది. ఆపైన లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్ అదనం. రాయ్‌పూర్‌లోని అంబేడ్కర్ ఆసుపత్రిలో ఉన్న ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రానికో, విశాఖ శివారు అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లిన మహిళ నెలన్నర పాటు ఆ ఊళ్లోనే ఉండాలి. వైద్యం ఉచితమైనా తోడు వచ్చినవారి కూలి, తిండి, బస ఉచితం కావు. తునికాకు కోత, ఇప్పపువ్వు ఏరుకునే రోజుల్లో ఇల్లు వదిలితే ఏడాది రాబడిలో పెద్ద భాగం పోతుంది. మధ్యలోనే చికిత్స మానుకోవడాన్ని నిర్లక్ష్యం అనడం తేలిక. ఈ లెక్క వేసి చూసినవారు ఆ మాట అనరు.

పొగాకు సంగతి వేరుగా చెప్పాలి. 2016-17 నాటి జాతీయ పొగాకు సర్వేలో దేశవ్యాప్తంగా 28.6 శాతం వయోజనులు పొగాకు వాడుతుండగా, ఛత్తీస్‌గఢ్‌లో 39.1 శాతం. ఇక్కడ మహిళలు ఎక్కువగా వాడేది గుడాఖు: బెల్లపు మడ్డితో కలిపిన పొగాకు ముద్ద. దానితో పళ్లు తోముకుంటారు కనుక దాన్ని పొగాకుగా భావించేవారు తక్కువ. నోటి క్యాన్సర్ ముప్పు మాత్రం పొగాకు ముప్పే.

లెక్కించడమే వైద్యమైన చోటు

మహారాష్ట్రలోని బార్శీలో 1987లో దేశపు తొలి గ్రామీణ జనాభా రిజిస్ట్రీ మొదలైంది. ఆసుపత్రుల్లో కూర్చుంటే గ్రామీణ రోగులు కనిపించరు కనుక, సిబ్బంది ఊరూరా తిరిగి, అనుమానపు లక్షణాలేవో ప్రజలకు చెప్పి, ఉన్నవారిని పరీక్షలకు పంపారు. కొన్నేళ్లలోనే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మునుపటికన్నా తొలి దశల్లో బయటపడడం మొదలైంది. కొత్త యంత్రం ఏదీ లేకుండా జరిగిన మార్పు అది.

ఆ బార్శీ బృందమే పక్కనున్న ఉస్మానాబాద్ జిల్లాలో సుమారు 1,31,000 మంది మహిళలతో ఒక పరీక్ష నిర్వహించింది. నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద వెలిసిన ఆ పూర్వపు హైదరాబాద్ సంస్థాన జిల్లాను ఇప్పుడు ధారాశివ్ అంటున్నారు. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ వైరస్ పరీక్ష చేసిన బృందంలో ఎనిమిదేళ్లలో 34 మంది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో మరణించగా, దాదాపు అంతే సంఖ్యలో ఉన్న, ప్రత్యేక పరీక్ష చేయని బృందంలో 64 మంది మరణించారు. 2009లో వెలువడిన ఈ ఫలితం ప్రపంచ విధానాలనే మార్చింది. కేసులు అతి తక్కువగా నమోదయ్యే ప్రాంతంలో కూడా మరణాలను సగానికి తగ్గించవచ్చని అది చూపింది.

ఇక 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 30-49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు తమిళనాడులో 9.8 శాతం, దేశం మొత్తం మీద 1.9 శాతం. దేశంలో మొట్టమొదటి ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాన్ని 2018 ఏప్రిల్ 14న ప్రారంభించింది బస్తర్ డివిజన్‌లోనే, బీజాపూర్ జిల్లా జాంగ్లాలో. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ముందస్తు పరీక్షలు చేయడం ఈ కేంద్రాలకు అప్పగించిన పనుల్లో ఒకటి.

ఖమ్మం నీడ

పరీక్ష అయినా టీకా అయినా నమ్మకం మీద నడుస్తుంది. బస్తర్‌కు సరిహద్దులో ఉన్న ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఆ నమ్మకం ఒకసారి దెబ్బతింది. 2009 జులైలో అక్కడ 10-14 ఏళ్ల బాలికలకు ప్రయోగాత్మకంగా హెచ్‌పీవీ టీకాలు వేశారు. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లోని ఆదివాసీ బాలికలు. ఖమ్మం, గుజరాత్‌లోని వడోదరలలో కలిపి ఏడుగురు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపివేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. కానీ తల్లిదండ్రుల బదులు వసతిగృహాల వార్డెన్లు సమ్మతి పత్రాలపై సంతకాలు చేశారని తేలింది; 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే అయినా, అడగకుండా వేయడం వల్ల ఆ తరువాతి ఏళ్లలో అది చేరవలసిన చోటికి చేరడం కష్టమైంది.

బస్తర్‌లో హల్బీ, గోండీ, దోర్లీ మాట్లాడే మహిళతో తెల్లబట్ట, రక్తస్రావం వంటి విషయాలను పరాయి భాషలో, పరాయి మనిషి మాట్లాడలేరు. 2002లో ఛత్తీస్‌గఢ్ మొదలుపెట్టిన మితానిన్ వ్యవస్థ ఆశా కార్యకర్తల కన్నా ముందే పుట్టింది. ఊరి మహిళే ఊరి ఆరోగ్య కార్యకర్త. వారపు సంతల్లో 2019 నుంచి సంత వైద్యశాలలూ నడిచాయి.

కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు అయిదేళ్లకోసారి గర్భాశయ ముఖద్వార, రొమ్ము, నోటి పరీక్షలు చేయాలి. గర్భాశయ ముఖద్వార పరీక్షకు పలుచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వంటింటి వెనిగర్ లాంటి ద్రావణం, శిక్షణ పొందిన నర్సు చాలు. ఫలితం నిమిషాల్లో తెలుస్తుంది. నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించినా, కలయిక తరువాత రక్తస్రావమైనా, రొమ్ములో నొప్పి లేని గడ్డ తగిలినా, నోట్లో మానని పుండో తెల్లమచ్చో ఉన్నా, వయసుతో నిమిత్తం లేకుండా మితానిన్‌కు గానీ, సమీప ఆరోగ్య కేంద్రంలో గానీ చెప్పాలి. జగదల్‌పూర్‌లోని మహారాణి జిల్లా ఆసుపత్రికీ, డిమ్రాపాల్‌లోని వైద్య కళాశాల ఆసుపత్రికీ రిఫర్ చేయించుకోవడం అక్కడి నుంచే మొదలవుతుంది. కొంటా పరిసరాల వారికి జగదల్‌పూర్ కన్నా భద్రాచలమే దగ్గర.