నమూనా కార్లకు రంగులు – కొన్ని మెలకువలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం పంపమని వార్డెన్ గారు అడగగానే మాకు మొదట గుర్తుకొచ్చింది ఒక థర్మాకోల్ కారు. ఎగ్జిబిషన్ కోసం మీరూ ఏటా నమూనాలు చేస్తుంటారు. మేము చేసిన పొరపాటు మీరు చేయకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మేము పదో తరగతిలో ఉండగా నలుగురం కలిసి అంబాసిడర్ కారు నమూనా చేశాము. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయినా, మా ఊళ్ళో కలెక్టర్ గారి కారంటే తెల్ల అంబాసిడరే. అసలు కారు పొడవు సుమారు 4.3 మీటర్లు. పదో వంతు కొలతతో 43 సెంటీమీటర్ల కారును థర్మాకోల్‌తో వారం రోజులు చెక్కాము. ఎగ్జిబిషన్‌కు మూడు రోజుల ముందు, డబ్బులు పోగేసి తెచ్చిన తెల్ల స్ప్రే డబ్బాతో రంగు కొట్టాము. నిమిషం తిరగకుండానే బానెట్ మీద గుంటలు పడ్డాయి. చూస్తుండగానే పైకప్పు కుంగిపోయింది.

మా నాన్న ఆటోనగర్‌లో లారీలకు రంగులు వేస్తారు. ఆ సంగతి అప్పటిదాకా స్నేహితులకు చెప్పలేదు. ఎవరైనా అడిగితే "ఆటోనగర్‌లో పని" అని ఊరుకునేవాళ్ళం. ఆ సాయంత్రం వార్డెన్ గారి సెల్‌ఫోన్ అడిగి తీసుకుని నాన్నకు ఫోన్ చేశాము. "రంగు కొనేముందు దేని మీద వేస్తున్నామో చూసుకోవాలిరా. రేకు మీద వేసే రంగు థర్మాకోల్‌కు ఆగదు. గుంటల్లో ముక్కలు అతికించి, పైన ఫెవికాల్‌తో పేపర్లు రెండు వరసలు అంటించండి. బాగా ఆరాక నీళ్ళ రంగు వేయండి" అన్నారు. అలాగే చేశాము. మెరుపు తక్కువైనా కారు నిలబడింది. ఆయన చెప్పిన మాటకు కారణం ఎం.ఎస్సీ. కెమిస్ట్రీలో చేరాక గానీ మాకు పూర్తిగా అర్థం కాలేదు.

రంగులో ఏముంటుంది?

ఏ రంగులోనైనా ముఖ్యంగా మూడు ఉంటాయి. రంగునిచ్చే పొడి, ఆ పొడిని పట్టి ఉంచే జిగురు, రెండింటినీ పలచగా ఉంచే ద్రావణి. స్ప్రే డబ్బాల్లో ఎక్కువగా అసిటోన్, టోలీన్ వంటి ద్రావణులు ఉంటాయి. థర్మాకోల్ అంటే ఉబ్బించిన పాలిస్టైరీన్. అసిటోన్ తగిలితే అది కరుగుతుంది. మా కారును తినేసింది రంగు కాదు, రంగులోని ద్రావణి.

జపాన్‌కు చెందిన తమియా వంటి కంపెనీల నమూనా కార్ల కిట్లు కూడా ఎక్కువగా పాలిస్టైరీన్‌వే. అవి గట్టి ప్లాస్టిక్ కాబట్టి వెంటనే కుంగిపోవు. కానీ ఘాటైన థిన్నర్ తగిలితే పైభాగం మెత్తబడి సన్నని గీతలు చెరిగిపోతాయి.

మూడు రకాల రంగులు

మొదటిది ఎనామిల్. ఇంగ్లండులోని హల్ నగరంలో పుట్టిన హంబ్రోల్ చిన్న డబ్బాలు ఈ రకానికి పేరుపొందాయి. ద్రావణి ఆవిరయ్యాక దీని జిగురు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అందుకే నిదానంగా ఆరుతుంది. బ్రష్షు గీతలు సర్దుకోవడానికి సమయం దొరుకుతుంది కనుక చేత్తో వేయడానికి అనుకూలం.

రెండవది ఆక్రిలిక్. దీన్ని నీళ్ళతో గానీ ఆల్కహాల్ కలిసిన థిన్నర్‌తో గానీ పలచన చేస్తారు. వాసన తక్కువ, త్వరగా ఆరుతుంది. కొత్తవారికి ఇదే మంచిది.

మూడవది లాకర్. ఇది కేవలం ద్రావణి ఆవిరై ఆరుతుంది. పొర పలచగా, గట్టిగా వస్తుంది, బాగా మెరుస్తుంది. వాసన మాత్రం చాలా ఘాటు.

ఒక నియమం మరువకూడదు. ఆరిన లాకర్ మీద ఎనామిల్ వేయవచ్చు. ఎనామిల్ మీద లాకర్ వేస్తే అందులోని ఘాటు ద్రావణి కింది పొరను ఉబ్బించి ముడతలు పెడుతుంది. ఏది దేని మీద నిలుస్తుందో అనుమానం వస్తే ముందు పాత ప్లాస్టిక్ చెంచా మీద వేసి చూడండి. చెంచా పోతే పోయింది, కారు మిగులుతుంది.

రంగుకు ముందు చేయవలసిన పని

కిట్ భాగాలను సబ్బు నీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టాలి. అచ్చులోంచి వచ్చినప్పటి జిడ్డు, మన వేళ్ళ జిడ్డు ఉంటే రంగు పట్టదు. అతుకుల దగ్గర సందులుంటే లప్పం పెట్టి, ఆరాక 400 నంబరు, తరువాత 600, 1000 నంబర్ల వాటర్ పేపర్లతో నీళ్ళు తడుపుతూ రుద్దాలి. నంబరు పెరిగేకొద్దీ నునుపు పెరుగుతుంది.

తరువాత ప్రైమర్. అది రంగును పట్టి ఉంచుతుంది. మనం గమనించని గీతలను కూడా చూపెడుతుంది. బూడిద రంగు ప్రైమర్ అన్నింటికీ పనికొస్తుంది. అయితే తెలుపు, పసుపు, ఎరుపు వేసేటప్పుడు తెల్ల ప్రైమర్ వేస్తే రంగు నిండుగా కనిపిస్తుంది.

పలచగా ఎందుకు వేయాలి?

ఒక చిన్న లెక్క చూద్దాం. మామూలు కారు మీద రంగు పొరలన్నీ కలిపి సుమారు 120 మైక్రాన్ల మందం ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 24వ వంతు కొలత నమూనాలో అంబాసిడర్ 18 సెంటీమీటర్లకు తగ్గుతుంది. రంగు మందం కూడా అలాగే తగ్గితే 5 మైక్రాన్లే ఉండాలి. చేత్తో అంత పలచగా వేయడం సాధ్యం కాదు. కనీసం మందంగా పూయకుండా ఉండాలి. లేకపోతే తలుపుల గీతలు పూడిపోయి కారు సబ్బు బిళ్ళలా కనిపిస్తుంది.

స్ప్రే డబ్బాను రెండు నిమిషాలు బాగా కుదిపి, 20 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టాలి. కారు అంచుకు అవతల మొదలుపెట్టి, ఇవతలి అంచు దాటాకనే ఆపాలి. మధ్యలో చెయ్యి ఆగితే రంగు కారుతుంది. మొదటి కోటు పొగమంచులా చాలు. పది, పదిహేను నిమిషాల తరువాత మరొకటి, ఆపైన ఇంకొకటి. మరీ దూరం నుంచి కొడితే రంగు గాలిలోనే సగం ఆరి, బత్తాయి తొక్కలా గరుకుగా వస్తుంది.

వానాకాలంలో లాకర్ వేయకపోవడం మంచిది. ద్రావణి ఆవిరయ్యేటప్పుడు పైభాగం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి తెల్లగా పాలిపోతుంది. రంగు వేశాక దుమ్ము పడకుండా పైన అట్టపెట్టె బోర్లించండి. వాసన పూర్తిగా పోయేవరకు చేత్తో తాకవద్దు. వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదన్న మాటే.

జాగ్రత్త

స్ప్రే రంగులను గదిలో గానీ, పొయ్యి, అగరొత్తి వంటి నిప్పు దగ్గర గానీ వాడకూడదు. మేడ మీద గాలి తగిలే చోట వేయండి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలని అనుకోవద్దు. గుడ్డ తుంపరలను కొంత ఆపుతుంది గానీ ద్రావణి ఆవిరిని ఆపలేదు. దానికి బొగ్గు ఫిల్టరు ఉన్న మాస్కు కావాలి. అది లేనివారు నీళ్ళ రంగులతో సరిపెట్టుకోండి. మా నాన్న ఇన్నేళ్ళూ తువ్వాలు కట్టుకునే పనిచేశారు. ఇప్పుడు తెల్లవారుజామున ఆయన దగ్గు వింటే మాకు నిద్ర పట్టదు. మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు ఆయనకు ఫిల్టరు మాస్కు కొనిచ్చాము.

ఆ రోజే ఎనామిల్ మీద లాకర్ ఎందుకు ముడతపడుతుందో కాగితం మీద బొమ్మ వేసి చెప్పాము. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాళ్ళం మేమే కదా, నాన్న శ్రద్ధగా విన్నారు. చివరికి నవ్వి, "దాని పేరు తెలియదు గానీ, ఆ ముడత మాకు తెలుసురా" అన్నారు.

తమ్ముళ్ళూ, "పైన పటారం, లోన లొటారం" అన్న సామెత విన్నారు కదా. కింద పని సరిగా లేకపోతే ఎంత ఖరీదైన రంగూ నిలవదు. ఈసారి ఎగ్జిబిషన్‌కు నమూనా చేసేటప్పుడు రంగు డబ్బా కొనేముందు ఒక్కసారి ఇంటికి ఫోన్ చేసి అడగండి. మీ నాన్నగారో, మామయ్యో, అన్నయ్యో వడ్రంగి పనో, రేకు పనో, రంగుల పనో చేస్తుండవచ్చు. మీ పుస్తకంలో ఇంకా రాని పాఠం వారి చేతుల్లో ఉండవచ్చు. వారి పని ఏమిటో స్నేహితులకు కూడా చెప్పండి. మేము ఆ మాట చెప్పడానికి పదో తరగతి దాకా ఆగాము. మీరు ఆగవద్దు.